రెండో నెల సంగతేంటి?

ఈ వాదులాటలో ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు. పెదనాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో వయసంతా గడిపాడు. యూనియన్‌లో తిరిగాడు. ఇప్పుడు సింగ్‌నగర్‌లో ఇంటిపట్టున ఉంటున్నాడు. అమ్మాయి ఆయన తమ్ముడి కూతురు. మానసిక వికలాంగుల స్కూల్లో పెద్దపిల్లలకు పని నేర్పే టీచరు. మధ్యలో ఉన్నది పెదనాన్న కొడుకు, ఇరవై ఆరేళ్లవాడు. సదరెం సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం 75 శాతం అని ఉంది. గవర్నర్‌పేటలో ఓ బైండింగ్ షాపు యజమాని వాణ్ని పనిలో పెట్టుకుంటానన్నాడు. అక్కణ్నుంచి మొదలైంది. వాడు అదే గదిలో కూచుని టీవీ చూస్తున్నాడన్నది చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చాలాసేపు వీళ్లిద్దరికీ అది గుర్తులేదు.

పెదనాన్న: నువ్వు చెప్పిందంతా విన్నానమ్మా. నెలకు ఎనిమిది వేలు, ఆదివారం సెలవు, ఓనరు మంచివాడు. సరే. మొదటి నెల నువ్వు పక్కన నిలబడతావు, ఆయన మొహమాటానికి ఊరుకుంటాడు. రెండో నెల సంగతేంటి?

అమ్మాయి: మీరు పెన్షన్ దగ్గర మొదలుపెడతారనుకున్నాను పెదనాన్నా.

పెదనాన్న: దానికీ వస్తాను, తొందరేముంది. ముందు పాయకాపురం కొట్టు సంగతి చెప్పు. ఆ ఉద్యోగం కూడా నువ్వు పెట్టించిందే కదా. ఏమైంది?

అమ్మాయి: వరదలో పోయింది.

పెదనాన్న: వరదలో కొట్టు పోలేదు. కొట్టు ఇప్పటికీ ఉంది, నేను రోజూ దాని ముందునుంచే వెళ్తాను. వీడి ఉద్యోగమే పోయింది.

బుడమేరు 2024 సెప్టెంబరు 1న విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కుర్రాడు పనిచేసే కిరాణా కొట్టు కూడా మునిగింది. పప్పులు, పంచదార అరకిలో, కిలో చొప్పున తూచి కవర్లలో పోసి సీలు వేయడం వాడి పని. బాగానే చేసేవాడు. నీళ్లు తగ్గి, బురద కడిగి, కొట్టు మళ్లీ తెరిచాక పనివాళ్లకు ఫోన్లు వెళ్లాయి. వీడికి సొంత ఫోన్ లేదు. తండ్రి వెళ్లి అడిగితే ఇప్పుడు పెద్దగా పనిలేదండీ, బాబుకి ఎలాగూ పెన్షన్ వస్తుంది కదా అన్నారు.

అమ్మాయి: వాడి పనిలో తప్పుందని ఎవరైనా అన్నారా?

పెదనాన్న: అనలేదు. అందుకే ఎక్కువ మండింది. తప్పు చేసి ఊడితే అదో లెక్క. వీణ్ని ఎవరూ తీసెయ్యలేదమ్మా, మర్చిపోయారు.

అమ్మాయి: ఎందుకు మర్చిపోయారో తర్వాత తెలుసుకున్నాను. అక్కడ కాటా దగ్గర ఓ పెద్దాయన ఉండేవాడు. పొద్దున వీడు రాగానే ఇవాళ కందిపప్పురా అని చెప్పేవాడు. టీకి పిలిచేవాడు. ఎవరైనా విసుక్కుంటే అడ్డం పడేవాడు. వరద తర్వాత ఆయన మానేశాడు. అందరూ అది కొట్టు ఇచ్చిన ఉద్యోగం అనుకున్నారు. నిజానికి అది ఆ పెద్దాయన నిలబెట్టిన ఉద్యోగం. ఆయన ఎవరో నాకు అప్పటిదాకా తెలియదు. చేర్పించి, కొన్ని వారాలు వెళ్లొచ్చి, బాగానే ఉన్నాడని నా స్కూలు పనిలో నేను పడిపోయాను.

పెదనాన్న: అంటే మళ్లీ ఇంకో పెద్దాయన దొరకాలని దేవుడికి దణ్నం పెట్టుకోమంటావు.

అమ్మాయి: కాదు. ఈసారి అలాంటివాళ్లు షాపులో ఇద్దరుండాలి, వాళ్లెవరో నాకు తెలియాలి, ఒకరు మానేస్తే నాకు కబురు రావాలి అంటాను. అమెరికాలో దీన్ని ఒక వృత్తిగా చేశారు. జాబ్ కోచ్ అంటారు. ముందు నేర్పి తర్వాత పనిలో పెట్టడం పాత పద్ధతి. ఏళ్ల తరబడి కొవ్వొత్తులు, కాగితం కవర్లు చేయిస్తారు, ఆ నేర్చుకోవడం ఎప్పటికీ పూర్తి కాదు. దాన్ని తిరగేశారు. ముందు నిజమైన పనిలో పెట్టు, అక్కడే పక్కన నిలబడి నేర్పు, మెల్లమెల్లగా పక్కకి జరుగు. సిన్సినాటిలో పిల్లల ఆసుపత్రి ఒకటుంది. 1996లో ఇలాంటి కుర్రాళ్లకు ఆసుపత్రిలోనే శిక్షణ పెట్టి, సామాన్లు సర్దే పనుల్లోకి తీసుకుంది. ఆ పద్ధతి తర్వాత వేరే దేశాలకూ పాకింది.

పెదనాన్న: సిన్సినాటిలో ఆ కోచ్‌కి జీతం ఎవడో ఇస్తాడు. గవర్నర్‌పేటలో నీకెవరిస్తారు?

అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. నన్నడిగితే మొత్తం వాదనలో బరువైనది ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగాయి. పెదనాన్న మాత్రం దాన్ని అక్కడే వదిలి, తనకు కొట్టినపిండి అయిన కూలి లెక్కల్లోకి దిగాడు.

పెదనాన్న: ఎనిమిది వేలన్నావు. అదే షాపులో ఫారాలు మడిచే మిగతావాళ్లకెంత?

అమ్మాయి: వాళ్లకు నెలజీతం కాదు. వెయ్యి ఫారాలకు ఇంతని రేటు. చెయ్యి తిరిగినవాళ్లకు పన్నెండు, పదమూడు వేలు పడతాయి.

పెదనాన్న: మరి వీడికి ఎనిమిది ఎందుకు?

అమ్మాయి: వేగం తక్కువ కాబట్టి. మొదట్లో...

పెదనాన్న: ఆగక్కడ. ఈ మొదట్లో అనే మాట మీద నేను ఆటోనగర్‌లో ఎన్ని గేట్ల ముందు కూచున్నానో నీకు తెలియదు. పని నేర్చుకుంటున్నాడండీ అంటూ పిల్లల చేత టీ డబ్బులకు ఏళ్లకేళ్లు బోల్టులు బిగించారు. మీసాలొచ్చాయి, నేర్చుకోవడం అవలేదు. 1948 కనీస వేతనాల చట్టం, సెక్షన్ 26 తీసి చూడు. వికలాంగులైన పనివాళ్ల జీతాలకు ఈ చట్టం వర్తించదని ప్రభుత్వం కావాలంటే ఉత్తర్వు ఇచ్చుకోవచ్చు అని రాసుండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడే చట్టంలో ఆ తలుపు తెరిచిపెట్టారు.

అమ్మాయి: అమెరికా చట్టంలోనూ ఉంది. 1938 నాటిది, సెక్షన్ 14(సి). వికలాంగులకు కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చేందుకు అనుమతి.

పెదనాన్న: చూశావా! అక్కడా ఇక్కడా దొంగబుద్ధి ఒకటే. నేనొప్పుకోను. వెయ్యి ఫారాలకు పక్కవాడికి ఎంతిస్తే వీడికీ అంతే ఇవ్వాలి. వీడు ఆరొందలు మడిస్తే ఆరొందలకే ఇవ్వమను. నెలకు నాలుగు వేలే వచ్చినా ఫరవాలేదు. జాలిపడి ఎనిమిది పారెయ్యొద్దు. జాలి పోయిన రోజున జీతమూ పోతుంది.

అమ్మాయి: నేను అటువైపు నుంచి ఆలోచించలేదు. రేటు మీదే మాట్లాడతాను.

ఇక్కడ పెదనాన్న గెలిచాడు. స్పెషల్ స్కూళ్లలో పనిచేసేవాళ్లకు ఎవరో ఒకరు తీసుకుంటే చాలన్న ఆరాటం ఉంటుంది. తీసుకునేవాళ్లకు అది తెలుసు.

అమ్మాయి: కానీ పెదనాన్నా, ఆరొందలకు మించి మడవలేడని మీరెందుకు ముందే అనుకుంటున్నారు? మార్క్ గోల్డ్ అని ఒకాయన ఉండేవాడు, అమెరికాలోనే. 1970ల్లో ఆయన చేసిన పని మీలాంటి మెకానిక్‌కే బాగా అర్థమవుతుంది. పెద్ద వైకల్యం ఉన్నవాళ్లు, ఎందుకూ పనికిరారని ఆశ్రమాల్లో వదిలేసినవాళ్లు. వాళ్లకు సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. వెనక చక్రం ఇరుసులో ఉండే బ్రేకు, పదిహేను ముక్కలు.

పెదనాన్న: తొక్కుడు వెనక్కి తిప్పితే పడే బ్రేకా? అది విప్పితే మళ్లీ బిగించడానికి మామూలు మెకానిక్కే తంటాలు పడతాడు. కోన్ ఒక్కటి తిరగబడినా చక్రం తిరగదు.

అమ్మాయి: వాళ్లు బిగించారు. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదట. ముక్కల్ని వరసగా పెట్టి, ఒక్కో అడుగూ విడదీసి, తప్పు పెడితే ఇంకోలా ప్రయత్నించు అనేవాడు. రానిది వాళ్లకు కాదు, మనకు నేర్పడం రాలేదని నలుగురి ముందూ చూపించాడు.

పెదనాన్న: మరి మనవాడు బైండింగ్ షాపులో ఏం చేశాడు? రెండుసార్లు తీసుకెళ్లావుగా.

అమ్మాయి: మడవడం మామూలుగా చేశాడు. అసలు విషయం ఫారాలు పేర్చే దగ్గర జరిగింది. పొడుగు బల్ల మీద ఒకటో ఫారం, రెండో ఫారం, మూడో ఫారం అని దొంతర్లు పెడతారు. బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి తీసి పేరిస్తే పుస్తకం. ఒక ఫారం తప్పిపోయిందంటే పదహారు పేజీలు లేని పుస్తకం జనం చేతికి పోతుంది. పేజీ నంబర్లు చూసి సరిచూడమంటే వీడు తడబడ్డాడు. వంద దాటాక వాడికి అంకెలన్నీ ఒకటే. నేను ఇక లాభం లేదనుకుంటుంటే అక్కడ కుట్టుపని చేసే ఆవిడ నా చేతిలోని పుస్తకం తీసుకుని వీపు తిప్పి చూపించింది.

పెదనాన్న: వీపు అంటే?

అమ్మాయి: కుట్టు పడే వైపు. ప్రెస్‌లోనే ప్రతి ఫారం మడత మీదా చిన్న నల్ల గుర్తు వేస్తారు. ఒకటో ఫారానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. వరస తప్పకుండా పేరిస్తే ఆ గుర్తులు మెట్లలా దిగుతాయి. ఒక ఫారం పోతే ఒక మెట్టు ఉండదు. ఒకే ఫారం రెండుసార్లు పడితే ఒకే ఎత్తులో రెండు గుర్తులుంటాయి. చదవక్కర్లేదు, చూస్తే చాలు. వీడికి ఒక్కసారి చెప్పింది. తర్వాత వీడు కట్ట తీసుకుని వీపులు తిప్పి చూసుకుంటూ పోయాడు. అప్పటికే సరిచూసి పక్కన పెట్టేసిన కట్టలోంచి ఒక పుస్తకం లాగి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. వేలుపెట్టి చూపించాడు. అందులో ఏడో ఫారం లేదు.

పెదనాన్న: ఓనరు చూశాడా?

అమ్మాయి: చూడబట్టే తీసుకుంటానన్నాడు. జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు ఆ షాపులో రాత్రింబవళ్లు పని. అలసిపోయిన మనిషి కన్ను ఫారాలు వదిలేస్తుంది. వీడి కన్ను వదలదు. జాలిపడి పిలవలేదు పెదనాన్నా, ఆయనకు అవసరమై పిలిచాడు.

పెదనాన్న కాసేపు ఆ నల్ల గుర్తుల గురించే అడిగాడు. కటింగ్ మిషను ఎక్కడుంటుంది, దానికి గార్డు ఉందా అన్నాడు. కుర్రాడు ఫిట్స్‌కి మాత్రలు వేసుకుంటాడు, అదీ ఆయన భయం. మిషను లోపలి గదిలో ఉందనీ, వీడి బల్ల గుమ్మం పక్కనేననీ అమ్మాయి చెప్పింది. ఆ గది గడప దగ్గర పసుపు రంగు గీత కొట్టించాలని ఆయన పట్టుబట్టాడు. అప్పుడు పెన్షన్ దగ్గరికి వచ్చాడు.

పెదనాన్న: 2024 జులై నుంచి వీడికి ఆరు వేలు వస్తోంది. అంతకుముందు మూడు వేలే. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చేతిలో పెట్టి వెళ్తారు. ఇక రూలు చూడు. పట్టణంలో అయితే కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదు. నా పీఎఫ్ పెన్షన్ మూడు వేలు లేదు. మీ పెద్దమ్మ మిషను కుట్టి రెండు, రెండున్నర తెస్తుంది. రేటు మీద వీడికి ఎనిమిదే పడినా, అవి కలిపితే గీత దాటుతుంది. ఖాయంగా వచ్చే ఆరు పోగొట్టుకుని, రెండో నెల ఉంటుందో ఉండదో తెలియని ఎనిమిదిని పట్టుకోమంటావా?

అమ్మాయి: లెక్క తప్పని నేననను.

పెదనాన్న: ఇంకోటి. 2025లో సదరెం సర్టిఫికెట్లన్నీ మళ్లీ చూస్తామని క్యాంపులకు పిలిచారు. మంచం మీదున్నవాళ్లను ఆటోల్లో మోసుకెళ్లారు జనం. రేపు నా కొడుకు షాపుకెళ్లి పనిచేస్తున్నాడంటే, పనిచేసేవాడికి వైకల్యమేంటి అని ఎవడో ఒకడు అనడా?

అమ్మాయి: చట్టం అలా అనదు. సర్టిఫికెట్ తెలివి పరీక్షనూ, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడన్నదాన్నీ చూసి ఇస్తారు. ఉద్యోగం ఉందా లేదా అన్నది అందులో రాదు.

పెదనాన్న: చట్టం అనదు. క్యూలో నిలబెట్టినవాడు అంటాడు.

అమ్మాయి: సరే, నేనో మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఆ ఆరు వేలు ఎవరివి?

పెదనాన్న: వాడివి.

అమ్మాయి: వాడెప్పుడైనా అందులోంచి వంద రూపాయలు ఖర్చుపెట్టాడా? అవి ఇంటి డబ్బులు పెదనాన్నా. బియ్యానికీ, కరెంటుకూ, గ్యాసుకూ పోతాయి. తప్పని అనను. కానీ వాడు పనికి పోతే నష్టమని మీరంటున్నది వాడి నష్టమా, ఇంటి నష్టమా?

పెదనాన్న: ఆ బియ్యం వాడు తినడం లేదా? ఫిట్స్ మాత్రలు ఎవరు కొంటున్నారు? ఇరవై ఆరేళ్లు వాడి పక్కన నిద్రలేని రాత్రులు మేం గడిపాం. నువ్వు రెండుసార్లు షాపుకి తీసుకెళ్లి వచ్చి నాకు లెక్కలు చెబుతావా?

అమ్మాయి: అందుకే కోపం తెచ్చుకోకండి అన్నాను.

పెదనాన్న: తెచ్చుకున్నాను. చెప్పు, ఇంకా ఏముంది?

అమ్మాయి: పని దొరికినంతకాలం పెన్షన్ ఆపితే ఆపనివ్వండి, కానీ పని పోయిన మర్నెల నుంచి క్యాంపులూ కాగితాలూ లేకుండా తిరిగి ఇవ్వాలి. వికలాంగుడి సొంత సంపాదనను ఇంటి ఆదాయంలో కలపకూడదు. ఈ రెండు రూల్సు మారితే మీ భయం సగం తగ్గుతుంది. అది మీ యూనియన్ వాళ్లు అడగాల్సిన మాట. నేనడిగితే టీచరమ్మ ఏదో అంటోందంటారు.

పెదనాన్న: మారినప్పుడు చూద్దాం. అప్పటిదాకా వాడు ఇంట్లో సుఖంగానే ఉన్నాడు. మీ నానమ్మ వాళ్ల ఊళ్లో, పామర్రు పక్కన, మా చిన్నాన్న ఒకాయన ఉండేవాడు. మాట సరిగ్గా రాదు. మనవాడిలాంటివాడే. పొద్దున్నే గేదెల్ని తోలుకుని కాలవగట్టుకు పోయేవాడు. ఏ గేదె ఏ పొలంలో పడిందో ఆయనకే తెలిసేది. డెబ్భై ఏళ్లు బతికాడు. ఊరంతా ఆయన్ని చిన్నయ్య అని పిలిచేది. ఎవరూ ఉద్యోగం పెట్టించలేదు, కోచ్‌ని పెట్టలేదు. అక్కరలేకపోయింది.

అమ్మాయి: చిన్నయ్యతాత గురించి నేనూ విన్నాను. పాడి ఆయన చూశాడు, పాల డబ్బులు ఎవరు తీసుకున్నారు?

పెదనాన్న: ఉమ్మడి ఇల్లమ్మా, ఎవరిదని ఏముంది?

అమ్మాయి: ఆస్తి పంపకాల్లో ఆయనకు ఏ ఎకరం వచ్చింది?

పెదనాన్న: రాలేదు.

అమ్మాయి: బయటి పాలేరుకైనా ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని జీతం ఉండేది. తాతకు అదీ లేదు. సుఖంగానే ఉండుంటాడు, కాదనను. కానీ ఆయన పని అందరికీ కావాలి, లెక్క ఎవరికీ అక్కరలేదు. పైగా ఆ రోజులు కూడా పోయాయి. కాలవగట్లకు గేదెలు రావడం లేదు. కోతకు మిషన్లు దిగాయి, కుప్ప నూర్చేవాళ్లు లేరు. డెల్టా పొలాల్లో నలుగురితో కలిసి వంగి లేచి చేసే పని ఉన్నప్పుడు ఇలాంటివాళ్లు అందులో కలిసిపోయేవాళ్లు. ఇప్పుడా పొలాలు చాలాచోట్ల చేపల చెరువులయ్యాయి, గట్ల మీద ఇద్దరు మనుషులూ, ఏరేటర్లకు మోటార్లూ ఉంటే చాలు.

ఈ చిన్నయ్యతాతలు కృష్ణా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. వాళ్ల గురించి చెప్పుకునేటప్పుడు మన గొంతులో ప్రేమ వినిపిస్తుంది, లెక్క వినిపించదు. అమ్మాయి ఆ లెక్క అడగడం నాకు నచ్చింది. పెదనాన్నకు నచ్చలేదు. మాట మార్చాడు.

పెదనాన్న: గవర్నమెంటు ఉద్యోగాల్లో కోటా ఉంది కదా, అటు చూడకుండా బైండింగ్ షాపులేంటి?

అమ్మాయి: 1995 వికలాంగుల చట్టంలో మూడు శాతం కోటా ఉండేది. అందులో మనవాడిలాంటివాళ్ల ఊసే లేదు. చూపు లేనివాళ్లకు, వినపడనివాళ్లకు, కాలూ చెయ్యీ ఇబ్బంది ఉన్నవాళ్లకు తలా ఒకటి. 2016 చట్టం దాన్ని నాలుగు శాతం చేసింది. ఆ నాలుగో శాతంలో వీళ్లను చేర్చారు. ఆటిజం, మేధో వైకల్యం, డిస్‌లెక్సియా లాంటివి, మానసిక జబ్బులు, ఒకటికి మించి వైకల్యాలు, అన్నీ కలిపి ఆ ఒక్క శాతం. పోటీ పరీక్ష మాత్రం అలాగే ఉంది. డిస్‌లెక్సియా ఉండి డిగ్రీ చదివినవాళ్లు రాస్తారు. వాళ్లకు రావాల్సిందే. మన తమ్ముడు రాయగలడా?

పెదనాన్న: ప్రైవేటువాళ్ల మీద ఏమీ లేదా?

అమ్మాయి: సెక్షన్ 35. ప్రైవేటు కంపెనీల్లో అయిదు శాతం మంది వికలాంగులు ఉండేలా ప్రభుత్వాలు తమ స్థోమతను బట్టి ప్రోత్సాహకాలు ఇవ్వాలి. కేంద్రం 2008లోనే ఒకటి పెట్టింది. వికలాంగుల్ని తీసుకుంటే యజమాని వాటా పీఎఫ్, ఈఎస్ఐ మూడేళ్లు ప్రభుత్వమే కడుతుందన్నారు. బాగానే ఉంది. కానీ పీఎఫ్ ఇరవైమంది పనిచేసే చోటు నుంచి మొదలు. బైండింగ్ షాపులో ఆరుగురు. కర్రీ పాయింటులో నలుగురు. మచిలీపట్నంలో రోల్డుగోల్డు గొలుసులు ఇంట్లో కూచుని చేస్తారు. పెడనలో కలంకారీ అద్దకాల షెడ్లు చిన్నవి. మన దగ్గర పని ఎక్కడుందో ఆ ప్రోత్సాహకం అక్కడికి రాదు.

పెదనాన్న: పెద్ద చోట్ల పెడుతున్నారుగా. సుప్రీంకోర్టులో వికలాంగులే నడిపే కాఫీ హోటల్ పెట్టారు, ప్రధాన న్యాయమూర్తి ప్రారంభించాడు. పేపర్లో ఫొటో చూశాను.

అమ్మాయి: మిట్టీ కేఫ్. 2017లో కర్ణాటకలో మొదలుపెట్టారు. సుప్రీంకోర్టులో 2023లో వచ్చింది. లెమన్ ట్రీ హోటళ్లవాళ్లు కూడా డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లను చాలాకాలంగా తీసుకుంటున్నారు. అవి మంచివి. అలాంటివి నాలుగు ఉంటే జనానికి కళ్లు తెరుచుకుంటాయి. కానీ ఎవరూ చూడ్డానికి రాని చోట, ఫొటో తియ్యని చోట మనవాడికి పని కావాలి. పుస్తకం కొన్నవాడికి దాన్ని ఎవరు సరిచూశారో తెలియక్కర్లేదు.

పెదనాన్న: ఫొటో లేకపోతే గవర్నమెంటు పైసా ఇవ్వదు. మళ్లీ అడుగుతున్నాను, నీకెవరిస్తారు జీతం?

అమ్మాయి: స్కూలిస్తుంది, స్కూల్లో ఉన్న పిల్లల కోసం. సాయంత్రాలూ సెలవురోజులూ షాపుకి వెళ్లి నిలబడ్డానికి ఎవరూ ఇవ్వరు.

పెదనాన్న: అదీ సంగతి. శిక్షణకు పద్దు ఉంటుంది, సర్టిఫికెట్‌కు పద్దు ఉంటుంది. పనిలో చేరిన రోజుతో అందరి ఫైలూ మూసుకుపోతుంది. వీడి కష్టం ఆ రోజు మొదలవుతుంది.

అమ్మాయి: మీరన్నది నేను స్కూల్లో ప్రతి మీటింగులో అంటున్నదే. పెద్ద ఖర్చు కాదు పెదనాన్నా. మొదట్లో రోజూ నిలబడాలి, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత నెలకో ఫోను. సూపర్‌వైజర్ మారినప్పుడూ, పని మారినప్పుడూ, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడూ మళ్లీ వెళ్లాలి. ఒక మనిషి పదిమందిని చూసుకోవచ్చు. పదిమంది పెన్షన్లు కలిపితే నెలకు అరవై వేలు. పాతిక వేలు పెడితే ఒక కోచ్ వస్తాడు...

పెదనాన్న: అమ్మా, ఈ లెక్క గవర్నమెంటు చెవిన పడనివ్వకు. కోచ్ జీతం పెన్షన్లలో కోస్తారు.

అమ్మాయి: కొయ్యకుండా ఇవ్వమనాలి. వార్డు సచివాలయంలో సంక్షేమ కార్యదర్శి ఉన్నారు. ఏ ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నాడో, వయసెంతో వాళ్ల దగ్గర జాబితా ఉంది. ఒకటో తారీఖున తలుపు కొడుతున్నారు. ఆ జాబితాతోనే పని ఎక్కడ దొరుకుతుంది, దొరికినవాడు ఇంకా చేస్తున్నాడా అని అడగొచ్చు కదా?

పెదనాన్న: ఆ జాబితా కొయ్యడానికే తీస్తారని ఇప్పుడేగా చెప్పాను. అయినా సరే, నువ్వు కాగితం మీద రాసివ్వు. మా పాత యూనియన్ వాళ్లకు చూపిస్తాను. వాళ్లకూ ఈమధ్య పనేం లేదు.

అమ్మాయి: తమ్ముణ్ని అడుగుదామా? ఇందాకటి నుంచి మనమే మాట్లాడుతున్నాం.

పెదనాన్న: వాడు ఏది అడిగినా వెళ్తాననే అంటాడు. ఒరేయ్, బైండింగ్ షాపుకి వెళ్తావా?

కుర్రాడు వెళ్తానన్నాడు.

పెదనాన్న: చూశావుగా. ఒరేయ్, కిరాణా కొట్టుకి వెళ్తావా?

కుర్రాడు టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే, అక్కడ తాత లేడుగా అన్నాడు.

ఇద్దరూ వాణ్నే చూశారు. కాటా దగ్గరి పెద్దాయన మానేశాడని వాడికి ఎవరూ నేరుగా చెప్పలేదు. అమ్మాయి మరో ప్రశ్న అడిగింది. షాపులో ఏం నచ్చింది అని. వాడు చేత్తో గాలిలో ఒక్కో మెట్టు కిందికి దించి చూపించాడు. కిటికీ దగ్గర కూచోను, అక్కడ ఎండ అన్నాడు. ఏది అడిగినా సరేననేవాడు ఎండ సంగతి చెప్పడన్నది అమ్మాయి వాదన. పెదనాన్న దాన్ని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని పాత డైరీ ఒకటి తీశాడు. ఆటోనగర్ రోజుల్లో డిమాండ్లు రాసుకున్న డైరీ.

పెదనాన్న: రాసుకో. పక్కవాడి రేటే వీడి రేటు. డబ్బు బ్యాంకులో పడాలి, చేతికివ్వకూడదు, లేకపోతే రెండో నెల ఆలస్యమవుతుంది, మూడో నెల మర్చిపోతారు. గుమ్మం పక్క బల్ల, ఎండ పడనిది. మాత్రల టైముకు ఆ కుట్టుపని ఆవిడ గుర్తుచేయాలి, ఆవిడ రాని రోజున ఇంకొకళ్లు. వీడికి ఒక ఫోను. షాపు మూతపడితే, మునిగితే, తెరిచిన రోజున అందరితోపాటు వీడికీ కబురు రావాలి. ఇది ఓనరు చేత రాయించు.

అమ్మాయి: రాయిస్తాను. ఫ్లైఓవర్ దాటి ఏలూరు రోడ్డు దాకా సిటీబస్సు నేనే నేర్పుతాను. వచ్చే పోయే దారి రెండూ వచ్చేదాకా వెనక సీట్లో కూచుంటాను.

పెదనాన్న: బ్యాంకు ఖాతా నా పేరూ కలిపి తెరుద్దాం. కార్డు నా దగ్గరుంటుంది. కావాలంటే కలెక్టర్ కమిటీకి గార్డియన్‌షిప్ దరఖాస్తు పెడతాను, నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 నుంచీ ఉంది.

అమ్మాయి: గార్డియన్‌షిప్ అక్కర్లేదు. 2016 చట్టం పదమూడో సెక్షన్ ప్రకారం తన డబ్బు వ్యవహారం తను చూసుకునే హక్కు వాడికుంది, కావాల్సిన సాయం తీసుకుని. సాయం మీరు చెయ్యండి. ఖాతా వాడిది, కార్డు వాడి జేబులో ఉండాలి.

పెదనాన్న: ఎవడో మాయమాటలు చెప్పి మొత్తం తీయించేస్తే?

అమ్మాయి: మీ దగ్గరా తీయించొచ్చు. రోజూ ఓటీపీ చెప్పమని ఫోన్లు రావడంలేదా?

పెదనాన్న: నేను చెప్పను. వీడు చెప్పేస్తాడు. అసలు పిన్ నాలుగంకెలు గుర్తుంటాయా వాడికి?

అమ్మాయి: మీ ఫోన్లోంచి నా నంబరు పదంకెలూ తనే నొక్కి ఫోన్ చేస్తాడు.

పెదనాన్న: అది నేనే నేర్పాను.

అమ్మాయి: మరి ఈ నాలుగూ నేర్పండి.

పెదనాన్న: నేర్పుతాను. కానీ రోజుకు అయిదొందలు మించి రాకుండా బ్యాంకులో లిమిట్ పెట్టించు. మొదటి ఆర్నెల్లు. దాని మీద నేను తగ్గను.

అమ్మాయి: మూడు నెలలు.

పెదనాన్న: నాలుగు. రాసుకో.